మా ఆవిడ కలిపిన వరస

మొన్న మద్దిలపాలెంలో బస్సెక్కాను. వెనక సీట్లో ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకుంటున్నారు. ఒకరి మాటల మీద చెవి వెయ్యడం నాకు అలవాటు లేదు. కానీ మా ఊరి ఆడవాళ్లు కబుర్లలో పడితే బస్సంతా వినాల్సిందే. అందులో ఒకావిడ చెబుతోంది: ఫిషింగ్ హార్బర్లో ఎవరో బోటు డ్రైవరుకి మెడ మీద కేన్సరు గడ్డ లేచిందట, డాక్టర్లు చేతులెత్తేశారట, ఆయన మందూ మాకూ ముట్టకుండా మండలం రోజులు ఎండు నెత్తళ్ల చేపల పులుసు తిన్నాడట, గడ్డ మంచులా కరిగిపోయిందట. రెండో ఆవిడ ఊపిరి బిగబట్టి వింటోంది.

నేను కిటికీలోంచి బయటకి చూస్తూ కూర్చున్నాను. నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్లలో నీళ్లూ వచ్చాయి. డాక్టర్లు చేతులెత్తెయ్యలేదు. మండలం లేదు, మన్నూ లేదు. ఆ పులుసు సంగతి ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు, పుట్టినప్పుడు నేను పక్కనే ఉన్నాను. అయినా ఆ అబద్ధాల మధ్య మా బావ నిక్షేపంగా తిరుగుతున్నాడు. ఎన్నాళ్లకి ఆయన కబురు విన్నాను!

ఆయన పేరు నాకు తెలీక కాదు. ఎప్పుడూ పిలవలేదు, ఇప్పుడు రాయబుద్ధి కాదు. ఆయన నన్ను బావా అన్నాడు, నేనాయన్ని బావా అన్నాను, అంతే. విశాఖపట్నంలో బావ అంటే చుట్టరికం కాదు, పిలుపు. ఆటోవాడు బావే, పాన్ షాపువాడు బావే, కాలు తొక్కినవాడు కూడా "సారీ బావా" అనే పోతాడు. నేను పోర్టు వర్క్‌షాపులో ఫిట్టర్ని. డ్యూటీ లేని రోజుల్లో హార్బర్లో బోటు ఇంజన్లు చూసేవాణ్ణి. మొదటిసారి ఆయన బోటు ఇంజను విప్పుతుంటే, ఆయన నా నెత్తిన నిలబడి, పేషంటు మంచం దగ్గర చుట్టంలాగా అడిగాడు, "బావా, బతుకుతాదా, సత్తాదా?" అని. బతికింది. అప్పట్నించీ ఆ ఇంజను మీద వేరేవాళ్ల చెయ్యి పడనివ్వలేదు.

పొట్టి మనిషి. ఎండకి నల్లబడి, ఉప్పుగాలికి బిరుసెక్కిన జుట్టుతో ఉండేవాడు. టీ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ ఊదుకుంటూ పూర్తిగా చల్లార్చి తాగేవాడు. వేడి టీ తాగేవాళ్లకి తొందరెక్కువ, తొందరెక్కువైనవాళ్లు సముద్రానికి పనికిరారు అనేవాడు. వెటకారమైతే ఒళ్లంతా ఉండేది, కానీ మొహం మీద చిన్న గీత కూడా కదిలేది కాదు. ఆయన నిజం చెబుతున్నాడో ఆటపట్టిస్తున్నాడో కనిపెట్టడం నా వల్ల అయ్యేది కాదు. నాకు ఒళ్లు మండిపోయేది. అదే ఆయనకి కావాలి.

ఒక్క విషయంలో మాత్రం వేళాకోళం లేదు. ఎవరైనా "వెళ్తాను" అని లేస్తే ఊరుకునేవాడు కాదు. వెనక్కి రప్పించి, కూచోబెట్టి, గుక్కెడు నీళ్లు తాగించి, "ఎల్లొత్తాను" అనిపించి మరీ పంపేవాడు. సముద్రం మీద చేపల వేటకెళ్లేవాళ్ల ఇళ్లల్లో ఆ పట్టింపు ఉంటుంది, తప్పులేదు. కానీ ఈయన కరెంటు బిల్లు కొట్టడానికొచ్చినవాణ్ణి కూడా వదల్లేదు. వాడు ఎండలో చెమటలు కక్కుతూ, "ఎల్లొస్తాను బాబూ, వచ్చే నెల ఎలాగూ రావాలి కదా" అని దణ్ణం పెట్టి పోయాడు.

నాకు పెళ్లయిన కొత్తలో, ఇంజను మొరాయించిందని నన్ను పిలవడానికి మా ఇంటికొచ్చాడు. గుమ్మంలో నిలబడి, "బావ ఉన్నాడేటి?" అన్నాడు. మా ఆవిడది గుడివాడ వైపు. మా నాన్నది కూడా అటేలెండి, పోర్టు ఉద్యోగానికొచ్చి ఇక్కడ పాతుకుపోయాడు. నేనిక్కడే పుట్టాను, ఆవిడ మాత్రం అచ్చంగా అక్కడి మనిషి. లోపలికొచ్చి మెల్లగా అడిగింది, ఆయన మీకు ఏ వైపు నుంచి బావండీ, పెళ్లిలో చూసిన గుర్తు లేదే అని. నేను పడీ పడీ నవ్వాను. ఏ వైపూ కాదు, ఇక్కడ అందరూ అలాగే పిలుచుకుంటారని చెప్పాను.

ఆవిడ నవ్వలేదు. "నోరారా పిలిచాక వరస వరసేనండి. మీకు బావైతే నాకు అన్నయ్య" అంది. అని, కాఫీ గ్లాసు పట్టుకెళ్లి, "తీసుకోండన్నయ్యా" అంది.

ఆయన గ్లాసు తీసుకున్నాడు. నావైపు చూశాడు. ఆ రోజు ఆ కాఫీని వేడివేడిగా తాగేశాడు. మా ఆవిడకి అన్నదమ్ములు లేరు. ఆ సంగతి ఆయనకెవరూ చెప్పలేదు. అప్పట్నించీ సెల్లెమ్మా అనే పిలుపు తప్ప మరో పిలుపు లేదు, బోటు వస్తే మొదట మా ఇంటికే చేప. ఎండుచేపలు మాత్రం మా గుమ్మం దాటనిచ్చేది కాదావిడ. ఆ వాసన తగిలితే చాలు, ఇంటినిండా అగరొత్తులు వెలిగించేది. ఆయన దానికీ ఏడిపించేవాడు, ఇది ఇల్లా, సెల్లెమ్మా, అప్పన్న కోవెలా అని.

ఇదిలా ఉండగా మెడ పక్కన ఆయనకి నిమ్మకాయంత గడ్డ లేచింది. నేనే తీసుకెళ్లాను పెద్దాసుపత్రికి. ముక్క తీసి పరీక్షకి పంపారు. కేన్సరేనన్నారు. ఇంజెక్షన్లు మొదలెడదాం, భయపడక్కర్లేదన్నాడు డాక్టరు. మా బావ బుద్ధిమంతుడిలా తలూపి, బయటికొచ్చాక, వేసవి వేట నిషేధం ఎత్తేస్తున్నారు, ఒక్క ట్రిప్పు తిరిగొచ్చి మొదలెడతానన్నాడు. నడిరోడ్డు మీద తిట్టాను. ప్రాణం కన్నా వేటెక్కువా అని అరిచాను. మర్నాడు తెల్లారేసరికి బోటు లేదు.

సముద్రం మీదే జ్వరమొచ్చింది. మామూలు జ్వరం కాదు. ఒళ్లు కాలిపోతూ, సంధి మాటలు మాట్లాడుతుంటే వేరే బోటులో వెనక్కి తెచ్చారు. చాలా రోజులు వార్డులో పడి ఉన్నాడు. మేమందరం ఆశ వదులుకున్నాం. జ్వరం దిగింది. ఆ తర్వాత మా బావ ఒకరోజు అద్దంలో చూసుకుంటూ, నా చెయ్యి లాగి మెడ మీద పెట్టుకున్నాడు. గడ్డ మెత్తబడింది. దీపావళి నాటికి వెతికినా దొరకలేదు.

డాక్టరు మళ్లీ స్కానింగు తీయించాడు. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. చాలా అరుదుగా ఇలా జరుగుతుంది, ఎందుకో మాకూ తెలీదు అని ఉన్నమాట చెప్పాడు. జ్వరం వల్లేమో అని అడిగితే, కావచ్చు, కాకపోవచ్చు అన్నాడు. మళ్లీ రావచ్చు కూడా, చెకప్ మానొద్దు, దీన్ని చూసి ఇంకొకళ్లు వైద్యం మానెయ్యకూడదు అని గట్టిగా చెప్పాడు. మా బావ మెట్లు దిగుతూ అన్నాడు, "పిలవకుండా వచ్చినాది బావా, సెప్పకుండా ఎల్లిపోనాది. ఎల్లొత్తాననైనా అననేదు. మంచిదే. అననోళ్లు మరి రారు."

అప్పట్నించీ ఆయనకో కొత్త అలవాటొచ్చింది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఎడమచేత్తో మెడ తడుముకునేవాడు. మనం తాళంచెవి జేబులో ఉందో లేదో తడుముకున్నట్టు. తేడా ఏంటంటే, మనం ఉందని తెలిస్తే కుదుటపడతాం, ఆయన లేదని తెలిస్తే కుదుటపడేవాడు.

ఇక జనం! పేటలోంచి, పక్క పేటల్లోంచి, ఎలమంచిలి నుంచి కూడా వచ్చారు. ఏం తిన్నావు, ఏం తాగావు, ఏ ఆకు పసరు, ఏ దేవుడు? నాకు తెల్దు అనేవాడు. నిజంగానే తెలీదు. ఎవరూ నమ్మరే! గుట్టు చెబితే పోతుందని దాస్తున్నాడన్నారు. ఆఖరికి ఒకరోజు జెట్టీ మీద, కారులో వచ్చిన ఒక పెద్దమనిషి వదలకుండా ప్రాణం తీస్తుంటే, మా బావ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి చెప్పాడు, "ఎండు నెత్తళ్ల పులుసు బాబూ. పొద్దున్నొకపాలి, రాత్రొకపాలి. ఎవులికీ సెప్పకండి." ఆ కారు అటు పోగానే బోటు తాడు పట్టుకుని, కింద పడిపోతాడేమో అన్నట్టు నవ్వాడు. నేనూ నవ్వాను. ఎవులికీ చెప్పొద్దన్న మాట ఊరికి చేరడానికి ఎంతసేపు?

అది మా ఇంటికే వచ్చి కూర్చుంటుందని మాకేం తెలుసు.

కొన్నేళ్లకి మా ఆవిడ రొమ్ములో గడ్డ పుట్టింది. చెప్పుకోవడానికి సిగ్గుపడి, కొన్నాళ్లు తనలోనే దాచుకుంది. తర్వాత పరీక్షలయ్యాయి. మరీ ఆలస్యం కాలేదు, ఆపరేషను చేసి ఇంజెక్షన్లిస్తే బాగుంటారు అన్నారు డాక్టర్లు. ఆవిడ ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, నాకు భోజనం వడ్డించి, "నేను కోయించుకోనండి. అన్నయ్యకి తగ్గలేదా?" అంది.

మర్నాడు బజారు నుంచి ఎండు నెత్తళ్లు తెచ్చింది. అగరొత్తులు వెలిగించే మనిషి! పొద్దున్నొకసారి, రాత్రొకసారి. ముక్కు మూసుకుని, కళ్లనీళ్లు పెట్టుకుని మింగేది. మింగి, చీర కొంగు చాటున చెయ్యి పెట్టి చూసుకుని, కొంచెం తగ్గినట్టే ఉందండీ అనేది. తగ్గలేదు. నాకు తెలుసు, తనకీ తెలుసనుకుంటాను. నేను బతిమాలాను, కసిరాను, కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. అది వెటకారానికి అన్నమాటే పిచ్చిదానా అంటే, మా అన్నయ్య నాకు అబద్ధం చెప్పడు అంది. మీకు చెప్పాడేమో, నాకు చెప్పడు. నా ఇల్లు నా కళ్ల ముందే కూలిపోతోంది, నా చేతిలో పానా తప్ప ఏమీ లేదు.

ఆయనేమో సముద్రం మీదున్నాడు. రోజూ జెట్టీకి పోయి నిలబడేవాణ్ణి. బోటు రాగానే, ఐసు పెట్టెలు దించుతుంటే పక్కకి లాక్కుపోయి చెప్పాను. ఆయన వలల కుప్ప మీద కూలబడ్డాడు. ఆ మొహం మీద ఎప్పుడూ కదలని గీతలన్నీ కదిలాయి.

"నా నోరు పడిపోను" అన్నాడు.

మర్నాడు పొద్దున్న మా తలుపు తట్టాడు. తలంటు పోసుకుని, తెల్లటి కొత్త పంచె కట్టుకుని ఉన్నాడు. చేతిలో బుట్ట. అందులో చీర, రవికె గుడ్డ, పసుపు, కుంకుమ, గాజులు, అరటిపళ్లు. చీర చిలకాకుపచ్చ, దానికి రాణీ రంగు అంచు. దూరం నుంచి చూస్తే కూడా కళ్లు చెదిరేలా ఉంది. ఆవిడ తలుపు తీసి అలాగే నిలబడిపోయింది.

"సెల్లెమ్మా, పుట్టింటికి తీసుకెల్దామని వచ్చినాను" అన్నాడు.

"మా పుట్టింట్లో ఎవరున్నారన్నయ్యా?"

"నానున్నాను కదేటి."

ఆవిడకి అర్థమైంది. పుట్టిల్లంటే ఆసుపత్రేనని. లోపలికి తిరగబోయింది. ఆయన గడప దాటలేదు, కూచోలేదు. బుట్ట పట్టుకుని అక్కడే నిలబడి చెప్పాడు. నెత్తళ్లు ఒట్టి మాటేనన్నాడు. ఎవడో విసిగిస్తే నోటికొచ్చింది కూశానన్నాడు. ఆవిడ నమ్మలేదు. మరి నీకెలా తగ్గింది అంది.

"నాకు తగ్గనేదమ్మా. అదే ఎల్లిపోనాది. నాను పంపనేదు. ఎందుకెల్లిందో నాకు తెల్దు, డాక్టరుకీ తెల్దు. నీది కూసున్నాది. కూసున్నదాన్ని మనం లేపి పంపాల." ఎడమచెయ్యి మెడ మీదకి పోయింది. దాన్ని అక్కడే ఉంచుకుని అన్నాడు, "ఇదేటనుకున్నావు? ధైర్నం అనుకున్నావా? బయం. రోజూ సూసుకుంటాను, మల్లీ వచ్చినాదేమోనని. నాకున్నదొక్క సెల్లివి. నీ మీద కూడా బయం పెట్టుకుని నాను ఏటకెల్లనేను."

ఆవిడ ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. పుట్టింటి నుంచి ఇంకెవరొచ్చి అడిగినా కాదనొచ్చు, అన్న బుట్ట పట్టుకుని గుమ్మంలోకొస్తే కాదనకూడదు. నిజానికి ఆ వరస రక్తంలో లేదు. ఎవరూ చెప్పకుండానే, గాలి పిలుపు పట్టుకుని ఆవిడే కలుపుకున్న వరస అది. కాదంటే తన మాటే అబద్ధమైపోతుంది. బుట్ట అందుకుని లోపలికెళ్లింది. ఆ చిలకాకుపచ్చ చీర కట్టుకునే వచ్చింది. గడప దగ్గర ఆగి, దేవుడి గూటివైపు చూసి, "వెళ్తున్నాను" అంది.

మా బావ చెయ్యడ్డం పెట్టాడు. లోపలికి పంపి, కూచోబెట్టి, నీళ్లు తాగించాడు. మళ్లీ గడప దగ్గరకొచ్చి ఆవిడ ఆయన యాసలోనే అంది, "ఎల్లొత్తాను" అని. ముగ్గురం ఆటోలో ఏడుస్తూ నవ్వుతూ పోయాం.

ఆపరేషను రోజు, పేషంటుకి మీరేమవుతారని నర్సమ్మ అడిగితే, నాకంటే ముందు ఆయనే చెప్పాడు, అన్నని అని. ఇంజెక్షన్లు పడ్డాక ఆవిడకి చేపల వాసన కిట్టేది కాదు. అందుకని గంధం సబ్బుతో ఒళ్లంతా తోముకుని వచ్చేవాడు. ఆ తర్వాత ఆవిడకి రెండు వాసనలూ కలిసి కొట్టేవి, పాపం, చెప్పేది కాదు. జుట్టు రాలిపోయాక ఎవరి ముందుకీ రానని గదిలో తలుపేసుకుంది. ఆయన వచ్చి హాల్లో కూచుని, మూసిన తలుపుతో మాట్లాడేవాడు. రొయ్యల ధర పడిపోయింది సెల్లెమ్మా, గాలి తిరిగింది సెల్లెమ్మా, నీ మొగుడు ఇంజను బాగుసెయ్యడం మర్సిపోనాడు సెల్లెమ్మా. ఒకరోజు లోపల్నించి నవ్వు వినపడింది. ఆ నవ్వు విని నేను వంటింట్లోకి పోయి గోడకి ఆనుకుని ఏడ్చాను.

ఆవిడ బాగుపడింది. ఇప్పుడు చెకప్‌కి ఒక్కతే వెళ్లొస్తుంది, నన్ను రావద్దంటుంది.

ఆయనకీ ఆ గడ్డ మళ్లీ రాలేదు. నా సుట్టం దారి మర్సిపోయిందిలే బావా అని నవ్వేవాడు, మెడ తడుముకుంటూనే. మొన్న వేసవి కాదు, అంతకు ముందు వేసవిలో, వేట నిషేధం రోజులు. బోట్లన్నీ జెట్టీకి కట్టి ఉన్నాయి. మా ఇంట్లో భోంచేసి, తాంబూలం వేసుకుని, ఎల్లొత్తాను సెల్లెమ్మా, ఎల్లొత్తాను బావా అని బోటుకి రంగు వెయ్యడానికి పోయాడు. సాయంత్రం బ్రష్షు డబ్బాలో పెట్టి, బోటు పక్కకి ఆనుకుని కూచున్నాడట. నిద్రపోతున్నాడనుకున్నారు. గుండె అన్నారు డాక్టర్లు. అన్నేళ్లూ మెడ మీద కాపలా పెట్టాడు, చావేమో చెయ్యి లేనిచోట నుంచి వచ్చింది.

మా ఆవిడ మూడు రోజులు పుట్టింటి మైల పట్టింది. వాళ్లెవరు, మీరెవరు, మీకు మైలేంటని పక్క ఫ్లాటావిడ అడిగితే, మా అన్నయ్య పోతే నేను కాక ఎవరు పడతారండీ అని తలుపేసుకుంది. మూడో రోజు స్నానం చేసి ఆ చిలకాకుపచ్చ చీర కట్టుకుంది. వెలిసిపోయింది, అయినా ఇంకా కళ్లు చెదురుతాయి.

నా సంగతంటారా. నాకాయన మీద కోపం. ఊరందరి చేతా ఎల్లొత్తాననిపించి, తానూ అని, రానివాడేం మనిషి? ఈ ఊళ్లో బావా అని పిలవని మగాడు లేడు. బజార్లో, బస్టాపులో, టీ కొట్టు దగ్గర ఎవడో ఎవణ్ణో బావా అంటాడు, నా మెడ దానంతటదే తిరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ ఎవరో కుర్రాళ్లు. ఈ ఊరు వదిలిపోతే గానీ నాకు తెరిపి లేదు, ఈ ఊరు వదిలి ఉండలేను.

సరే, బస్సు సంగతి. వెనకావిడ చెప్పిందంతా విని, రెండో ఆవిడ నెమ్మదిగా అడిగింది, ఆ నెత్తళ్లు ఎక్కడ మంచివి దొరుకుతాయని. మా అమ్మకి ఆపరేషనన్నారు, వద్దని ఏడుస్తోంది, ఇదైతే తింటుంది అంది. నేనిక ఉండలేకపోయాను. వెనక్కి తిరిగాను. అది ఒట్టి మాటమ్మా, ఆ మనిషి ఎవరో విసిగిస్తే ఆటపట్టించడానికి అన్నాడు, నేను పక్కనే ఉన్నాను అన్నాను. మొదటావిడకి కోపం వచ్చింది. మీకెలా తెలుసు, ఆయన మీకేటవుతాడని నిలదీసింది.

"మా ఆవిడకి అన్నయ్య" అన్నాను.

ఆ మాటకి ఇద్దరూ తగ్గారు. ట్రాఫిక్‌లో బస్సు ద్వారకా నగర్ చేరేలోపు నేను చెప్పగలిగినంతా చెప్పాను. ఆయనది దానంతటది వెళ్లిపోయింది, ఎందుకో ఎవరికీ తెలీదు, మీ అమ్మది కూచుంది, కూచున్నదాన్ని లేపి పంపాలి అన్నాను. మా ఆవిడ సంగతి కూడా చెప్పాను. రెండో ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, రేపే తీసుకెల్తాను బాబూ అంది. దిగడానికి లేచి, రెండడుగులు వేసి, మళ్లీ వెనక్కొచ్చింది.

"ఆయనిప్పుడు బాగున్నారా బాబూ?"

పోయాడంటే, ఆ జబ్బే తిరగబెట్టిందనుకుంటుంది, ఇక తల్లికి ధైర్యం ఎలా చెబుతుంది? బాగున్నాడందామంటే నాకు నోరు రాలేదు. కండక్టరు విజిలేస్తున్నాడు. ఆవిడ నా మొహంలోకే చూస్తోంది.

"ఎల్లొత్తానని ఎల్లినాడమ్మా" అన్నాను.